గౌడ్ సాబ్ చేతి బీరు

బీరు పోటీ పెడదామన్న మాట లక్ష్మణ్ నోట్లోంచి ఇంకా పూర్తిగా బయటికి రాకముందే, మూడో నంబరు గదిలో వాళ్లు గెలిచినట్టు చప్పట్లు కొట్టేశారు. కొట్టరా మరి! సౌదీలో రాస్ తనూరా దగ్గరున్న ఆ లేబర్ క్యాంపు మొత్తంలో గౌడ్ ఉన్నది ఆ ఒక్క గదిలోనే.

ఆయన అసలు పేరు రాజేశం. ఊరు జగిత్యాల పక్కన. క్యాంపులో అందరికీ గౌడ్ సాబ్. గౌడ్ అంటే తాళ్లెక్కేవాడని, అంటే తాటిచెట్లెక్కి కల్లు దించేవాడని తెలంగాణ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. రాజేశం కూడా చెప్పలేదు, వాళ్లే అనుకున్నారు. వచ్చిన కొత్తలో స్కఫోల్డింగ్ పనిలో వేస్తే ఆయన ఇనుప గొట్టాలు పట్టుకుని చకచకా పైకి పాకేవాడు. కింద నిలబడ్డ మనవాళ్లు "ఎక్కకుంటడా మరి, తాళ్లెక్కిన కాళ్లు గద!" అన్నారు. ఆయన కాదనలేదు. కాదనకపోవడంతో ఆగినా బాగుండేది. ఆ తర్వాత ఒక దసరాకు నలుగురూ చుట్టూ చేరి అడిగితే, ఉరుములూ మెరుపుల్లో నడుముకు కట్టిన మోకు తెగిపోయి, తాటిమట్ట పట్టుకుని ఒంటి చేత్తో వేలాడిన కథ ఒకటి చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆ చెట్టు కాస్త పొడుగు పెరిగేది.

నిజానికి రాజేశం జన్మలో తాటిచెట్టు ఎక్కలేదు. వాళ్ల నాయన చెట్టు మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్న రోజున, వాళ్లమ్మ చెట్టెక్కే మోకూ ముస్తాదూ తీసుకెళ్లి పొయ్యిలో పెట్టింది. తన కొడుకు చెట్టెక్కితే తాను బావిలో దూకుతానని వాడకట్టంతా వినేటట్టు ఒట్టు పెట్టింది. అందుకని కొడుకు సైకిళ్లకు పంచర్లు వేసుకుంటూ పెరిగి, మీసాలొచ్చాక గల్ఫు దారి పట్టాడు. కల్లు తాగడం మాత్రం ఆయనకు బాగా తెలుసు. ఆ విద్యలో ఆయన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఈ లక్ష్మణ్ అనేవాడు క్యాంపులో టైమ్‌కీపర్. పోటీలు పెట్టడం వాడికో జబ్బు. క్రికెట్ పెట్టాడు, క్యారమ్స్ పెట్టాడు, ఒక సంవత్సరం ముగ్గుల పోటీ కూడా పెట్టబోయి, క్యాంపులో ఆడవాళ్లు లేరని గుర్తొచ్చి ఆగాడు. మొన్న ఏదో పని మీద తెల్లవాళ్లుండే కాంపౌండుకు వెళ్లొచ్చి, కళ్లు ఇంతింత చేసుకుని కూర్చున్నాడు.

"గాడ తెల్లోళ్లు ఇంట్లనే బీరు జేసుకుంటున్రు. ఉత్తగ జేసుకునుడు గాదు, పోటీ పెట్టుకుంటున్రు. మార్కులేసుకుంటున్రు, కప్పులిచ్చుకుంటున్రు. మనకేం తక్వ?"

"వాళ్లు దొరికితే ఎంబసీ అత్తది. మనం దొరికితే పోలీసు బస్సత్తది. గదే తక్వ," అన్నాడు రెండో గది పెద్ద పోశెట్టి.

మాట నిజమే. ఈ దేశంలో ఆ వస్తువు పేరెత్తితేనే ముప్పు. దొరికితే జైలు, జైలు అయ్యాక ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి, ఇంటికి పోయాక ఊళ్లో మొహం చెల్లకపోవడం. అయినా దసరా ముందు తెలంగాణ మనిషికి వేదాంతం చెబితే ఎక్కుతుందా? ముక్క దొరుకుతుంది, చుక్క లేదు. చుక్క లేని దసరా కూడా ఒక దసరాయేనా? అందరూ తలలూపారు. క్యాంపులో దసరా ఎప్పుడూ శుక్రవారమే, క్యాలెండర్ ఏమన్నా సరే. కాబట్టి అసలు దసరా తర్వాత వచ్చే శుక్రవారమే పండగ, ఆ రోజే తెలంగాణ వాళ్ల నాలుగు గదులకూ పోటీ. గెలిచిన గది వాళ్లు మళ్లీ దసరా దాకా బాత్రూములు కడగక్కర్లేదు. ఆఖరున నిలిచిన గది వాళ్లే అన్నీ కడగాలి. ఆ బాత్రూముల వర్ణన ఇక్కడ చెయ్యను, అన్నం తింటూ చదివేవాళ్లు ఉంటారు.

"గౌడన్న ఉండంగ మనకేం ఫికరు," అన్నాడు నర్సింలు. మెట్‌పల్లి నుంచి వచ్చినవాడు, రాజేశం పక్క మంచం వాడు. సునీత అనే అమ్మాయిని పెళ్లాడి, ఏడాది తిరక్కుండానే విమానం ఎక్కినవాడు. గౌడన్న మాటంటే వాడికి వేదం. ఆ తాటిచెట్టు కథ క్యాంపులోకి కొత్తగా వచ్చినవాళ్లందరికీ వాడే చెబుతాడు. వాడి నోట్లో ఆ చెట్టు మీద పిడుగు కూడా పడుతుంది.

రాజేశం మీసం దువ్వాడు.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి, నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి పెళ్లానికి వీడియో కాల్ చేశాడు. గౌరవ్వ ఇంటి ముందు కూర్చుని బీడీలు చుడుతోంది. ఫోను చాటకు ఆనించి పెట్టింది, మొగుడి మొహం కంటే ఆకు మీదే చూపు ఎక్కువ.

"బీరెట్ల జేత్తరే?"

"నన్నడుగుతున్నవా? మీరు గౌడోల్లు గాదా?"

"మీరు సుత గౌడోల్లే గద. మీ నాయన ఎట్ల జేత్తుండె కల్లు?"

గౌరవ్వ ఆకు కింద పెట్టి మొగుడి మొహం చూసింది. "కల్లు మా నాయన జేసిండా? చెట్టు జేసింది. మా నాయన ఎక్కి దించుకచ్చిండు. బర్రె పాలిత్తది, గొల్లాయన జేత్తడా? ఇన్నేండ్లకు గిది సుత తెల్వకపాయె నీకు."

"ఇప్పుడు నేను ఓడిపోతె ఇజ్జత్ పోతదే."

"పోతె పోనీ. ఇజ్జత్ పోతె మల్ల అత్తది. ఉద్యోగం పోతె మల్ల అత్తదా? జైల్ల ఏత్తరట గాడ. ఆ గత్తర పని నీకెందుకు, ఎల్లమ్మకు మొక్కుకొని గమ్మున పండు."

ఇంత మంచి సలహా ఇచ్చే పెళ్లాం ఉన్నప్పుడు మొగాడు ఏం చేస్తాడు? ఫోను పెట్టేసి, సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేస్తాడు. అయితే రాజేశం తరఫున ఒక్క మాట చెప్పాలి. ఆ క్యాంపులో అందరూ ఒకటే నీలం బట్టలు వేసుకుంటారు, ఒకటే పప్పు తింటారు, సూపర్‌వైజర్ దృష్టిలో అందరూ ఒకటే గొర్రెల మంద. ఆ మందలో తనకంటూ ఉన్నది ఆ గౌడ్ సాబ్ అన్న మాట ఒక్కటే. ఏ గొడవైనా తీర్పుకు ఆయన దగ్గరికే వస్తారు. మెస్సులో కూర వడ్డించేవాడు కూడా ఆయన పళ్లెంలో ముక్క చూసి వేస్తాడు. అది పోతే మిగిలేది బట్టతల, మోకాళ్ల నొప్పులు. ఓడిపోతానన్న భయం కాదు ఆయనది. ఓడితే, ఈ గౌడ్ అసలు గౌడేనా అని ఎవడైనా ఒక్కడు అనుమానంగా చూస్తాడని భయం.

మిగతా మూడు గదుల వాళ్లూ ఫోన్లలో వీడియోలు పెట్టుకుని, పరీక్షలకు చదివినట్టు చదివారు. వేడినీళ్లతో డబ్బాలు కడిగారు. మూతలు బిగించి, చిన్న పైపు పెట్టి, పైపు కొస నీళ్ల గ్లాసులో ముంచారు. గాలి బయటికి పోవాలే గానీ లోపలికి రాకూడదట. పోశెట్టి ఆ గ్లాసులో బుడగలు వస్తుంటే, పసిపాపకు ఊపిరాడుతోందా అని చూసినట్టు పూటపూటా వచ్చి చూసేవాడు.

మూడో గది వాళ్లు కూడా సరుకు అందరిలాగే కొన్నారు. మత్తు లేని బార్లీ డ్రింకు డబ్బాలు ఒక్క బకాలా కొట్టులోనే కొంటే అనుమానం వస్తుందని, తలా ఒక కొట్టుకు పోయి తెచ్చారు. చక్కెర తెచ్చారు. రొట్టెలు పొంగడానికి వేసే ఈస్టు తెచ్చారు. అన్నీ నీళ్ల క్యానులో పోశారు. నర్సింలు ఎక్కడి నుంచో పైపు కూడా సంపాదించి, మూత బిగించబోయాడు.

"ఆగు," అన్నాడు రాజేశం. చేతిలో ఏ విద్యా లేనివాడికి గొంతులో గాంభీర్యం ఎక్కడి నుంచి వస్తుందో గానీ, వస్తుంది. "చెట్టు మీద కల్లు లొట్టికి మూత ఉంటదారా?"

"ఉండదన్నా."

"మరి? లొట్టి నోరు తెరుసుకొని ఉంటది. దానికి గాలి తగలాలె, ఎండ కొట్టాలె, ఈగ సుత పడాలె. అప్పుడే అది కల్లయితది. గిట్ల ఊపిరాడకుంట బందు జేత్తె లోపల్నే సత్తది."

ఆయన చెబుతున్నది తాటికల్లు గురించి. పొద్దున దించి మధ్యాహ్నానికల్లా తాగేసే కల్లు. ఆ రోజే తాగేదానికి మూతెందుకు? వారాల తరబడి ఉంచే బీరుకు గాలి తగిలితే ఏమవుతుందన్న ప్రశ్న ఆయనకు రాలేదు. గాలీ ఎండా అన్న మాటలు వినగానే నర్సింలు కళ్లలో భక్తి పొంగింది. పైపు విసిరేశాడు. క్యాను మూతికి పాత లుంగీ గుడ్డ ఒకటి కట్టి, స్క్రాపు రేకుల షెడ్డు వెనక, పూటపూటా ఎండ తగిలేచోట దాచారు.

ఆ సంగతి రెండో గది గూఢచారులు కనిపెట్టారు. పోశెట్టి పోయి కళ్లారా చూసొచ్చి, మంచం మీద కూలబడ్డాడు. "గౌడ్ సాబ్ మూతే పెట్టలేదురా. మనకు తెల్వని కిటుకేదో ఉన్నది," అని ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

పోటీకి ముందు రోజు సాయంత్రం రాజేశం ఒక్కడే షెడ్డు వెనక్కి పోయి, గుడ్డ విప్పి, మూతితో ఒక గుక్క తీసుకున్నాడు. కళ్లు వాటంతట అవే మూసుకున్నాయి. రెండు దవడలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ లోపలికి పోయాయి. పుల్లన అంటే అంతా ఇంతా పుల్లన కాదు. చింతకాయ దీని ముందు బెల్లం ముక్క. ఆయన మళ్లీ ఒక గుక్క తాగి చూశాడు, ఇందాకటిది తన నాలుక తప్పేమోనని. నాలుక తప్పు కాదు. ఇంత చక్కెర తెచ్చి గుమ్మరించి కలిపాడు. ఇప్పుడది తియ్యటి పులుపు అయింది, ఇంకా అధ్వాన్నం. రాజేశం ఆ ఇసుకలో గొంతుక్కూర్చుని, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుపు వచ్చినంత పనయింది.

శుక్రవారం నమాజులైపోయి, భోజనాలైపోయి, క్యాంపంతా కునుకు తీసే వేళ లక్ష్మణ్ గదిలో మంచాలు గోడకు చేర్చి పోటీ మొదలుపెట్టారు. జడ్జి మతీన్ భాయ్. కరీంనగర్ మనిషి, క్యాంపు బస్సు డ్రైవరు. ఒకప్పుడు బాగా తాగినవాడే. మక్కాకు పోయి ఉమ్రా చేసొచ్చాక మానేశాడు. ఏ గదికీ చెందడు, పైగా తాగడు, ఇంతకంటే నికార్సయిన అంపైర్ ఎక్కడ దొరుకుతాడు?

"సూడున్రి," అన్నాడు మతీన్, కుర్చీ తెచ్చుకుని తలుపు దగ్గర వేసుకుంటూ. "మీరు తాగేకాడ నేను కూసోను, నాకది మంచిది గాదు. గీడ తలుపు కాడుంట. గలాస ముట్ట. తాగెటోల్ల మొకాలు సూత్త, అంతే. మనిషి నోరు అబద్ధమాడుతది గని మొకం ఆడదు."

లబన్ అనే మజ్జిగ ఖాళీ సీసాల్లో నింపిన మొదటి గది బీరు వచ్చింది. తాగారు. మొహాలు మారలేదు, చెడలేదు. మతీన్ పాసు మార్కులేశాడు. నాలుగో గదిది రొట్టె నానబెట్టిన నీళ్లలా ఉంది కాబోలు, మొహాలన్నీ ముడుచుకున్నాయి. ఇక పోశెట్టిది వచ్చింది. సీసా మూత తీయగానే సుయ్యిమని చప్పుడు, మీద తెల్లటి నురుగు. తాగినవాడల్లా కళ్లు మూసుకుని, నెమ్మదిగా తెరిచాడు. ఒకాయన జగిత్యాల బస్టాండు ముందు దుకాణం గుర్తొచ్చి, గ్లాసు గుండెకు ఆనించుకున్నాడు. ఆ మొహాలు చూసి మతీన్ "మాషా అల్లా"లో "మాషా" దాకా అని నాలిక్కరుచుకున్నాడు.

"ఇగ గౌడ్ సాబ్‌ది!" అన్నాడు లక్ష్మణ్. హీరో ఆఖర్నే వస్తాడని కావాలనే చివరికి ఉంచాడు. అందరూ గ్లాసులు కడుక్కోవడానికి లేచారు. కడిగిన గ్లాసులో తాగాల్సిన సరుకట అది! నర్సింలు క్యానును చంకలో పిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడ్డాడు.

రాజేశం మనసులో ఎల్లమ్మ తల్లికి మొక్కాడు. తల్లీ, ఏదో ఒకటి చెయ్యి. కరెంటు పోనీ, ఇసుక తుఫాను రానీ, ఆఖరికి ఆ మిస్రీవాడన్నా రానీ. మిస్రీ అంటే ఈజిప్టు నుంచి వచ్చిన క్యాంప్ బాస్. ఎవడి మంచం కింద ఏముందో వాసన పట్టే మనిషి. ఆ పేరు తలుచుకోగానే రాజేశం బుర్రలో బల్బు వెలిగింది. భారమంతా దేవత మీద వేసి కూర్చోవడం ఎందుకు, ఇంతమాత్రం సాయం మనమూ చేసుకోవచ్చు.

"ఒక్క నిమిషం, పాసుకు పోయత్త," అని బయటికి నడిచాడు. వరండా మలుపు దాకా పోయి, అక్కడ ఊపిరి బిగబట్టి, వెనక్కి పరిగెత్తుకొచ్చాడు.

"మిస్రీ! మిస్రీ అత్తుండు! అన్ని పారబొయ్యిండ్రి!"

ఆ తర్వాత అక్కడ జరిగింది చూస్తే, రిఫైనరీలో నేర్పే ఫైర్ డ్రిల్లు పిల్లలాట అనిపిస్తుంది. సీసాలు బాత్రూముల్లోకి పరిగెత్తాయి. ఒకడు పారబొయ్యడానికి మనసొప్పక సగం సీసా గటగటా తాగేసి ఎక్కిళ్లు పెట్టాడు. ఒకడు అగరొత్తులు గుత్తిగా వెలిగించాడు. లక్ష్మణ్ క్యారమ్ బోర్డు పరిచి, కాయిన్లు లేకుండానే ఆడటం మొదలుపెట్టాడు. మతీన్ కుర్చీతో సహా మాయమయ్యాడు, మరుక్షణం అవతల బస్సు స్టార్టయిన చప్పుడు. పోశెట్టి తన నురుగు బీరును కాలవలో పోస్తూ, చిన్నపిల్లాడిలా ముక్కు ఎగబీల్చాడు.

"ముందుగాల మనది పారబొయ్!" అని రాజేశం నర్సింలు మీద అరిచాడు. నర్సింలు క్యాను తీసుకుని పరుగు అందుకున్నాడు.

కాసేపు రాజేశం గుమ్మంలో కాపలా నటించాడు. తర్వాత గుండెల మీద చెయ్యి వేసుకుని "పోయిండు. ఇటు రాలే, ఆఫీసు దిక్కు మల్లిండు," అన్నాడు.

మనుషులు ఒక్కొక్కరే వచ్చి కూలబడ్డారు. శవం లేచిన ఇల్లులా ఉంది గది. మతీన్ కూడా బస్సు ఆపేసి తిరిగొచ్చాడు. పోశెట్టి మోకాళ్ల మీద తల పెట్టుకుని, "మాది పోతె పోయింది. గౌడ్ సాబ్ చేతి బీరు తాగకుంటనే పాయె. గదీ నా బాధ," అన్నాడు. అవునవునన్నారు అందరూ. మూతి తెరిచి ఎండలో పెట్టిన సరుకది, వాసనే అదోలా ఉండె అన్నాడొకడు. నా జన్మకు మళ్లీ దొరకదన్నాడు ఇంకొకడు.

"నాయంగ జూత్తె పస్టు గౌడ్ సాబ్‌కే ఇయ్యాలె," అని తేల్చాడు లక్ష్మణ్.

"ఛఛ, వద్దు వద్దు," అన్నాడు రాజేశం, దండ వద్దంటూనే మెడ వంచే నాయకుడిలాగా. "మీరందరు కష్టపడ్డరు. నాదేమున్నది." లోపల ఆయనకు తాటిచెట్టు మొవ్వ మీద కూర్చున్నంత ఎత్తుగా, చల్లగా ఉంది. తాను ఎల్లమ్మకు మేకపోతును ఇవ్వాలా, కోడితో సరిపెట్టాలా అని లెక్క కూడా వేసుకున్నాడు.

అప్పుడు తలుపు తోసుకుని నర్సింలు వచ్చాడు. ఒంటి నిండా కంబళి కప్పుకున్నాడు, చెమటలు ధారగా కారుతున్నాయి. కంబళి జారింది. చేతుల్లో క్యాను ఉంది, నిండుగా.

"అన్నా, నీది నేను పారబోయలే!"

"ఎందుకు పారబోయలేదురా?" అన్నాడు రాజేశం. ఆ గొంతు విన్నవాళ్లు ఆనందబాష్పాలనుకున్నారు.

"చేతులు రాలే అన్నా. కావలిచ్చుకొని కంబలి కప్పుకొని పన్న. మిస్రీ అత్తె జరమొచ్చిందని చెప్దామనుకున్న."

గది పైకప్పు లేచిపోయేటట్టు చప్పట్లు కొట్టారు. ఎవరో నర్సింలును ఎత్తుకుని తిప్పారు. గ్లాసులు వరసగా పెట్టారు. రాజేశం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నర్సింలు మొదటి గ్లాసు పోశెట్టికి ఇచ్చాడు, తర్వాత అందరికీ పోశాడు.

తాగారు.

"కడక్ ఉన్నది," అన్నాడు మొదటి గది పెద్ద, గొంతు సవరించుకుని.

"అసలు సరుకు గిట్లనే ఉంటది," అన్నాడు ఇంకొకడు. వాడి ఎడమ కన్ను ఇంకా తెరుచుకోలేదు. పోశెట్టి తల వంచుకుని మరో గుక్క తీసుకున్నాడు. "మేం నేర్సుకునేది మస్తున్నదన్నా," అన్నాడు. పుల్లగా ఉందని చెప్పే మగాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. గౌడ్ సాబ్ చేసిందాన్ని పుల్లన అంటే, అన్నవాడికి తాగడం రాదని లెక్క.

మతీన్ మాత్రం కుర్చీలో ముందుకు వంగాడు. "ఏందిది? నోర్లు ఒకటి చెప్తున్నయ్, మొకాలు ఒకటి చెప్తున్నయ్." లేచి వచ్చి, ఒక గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, వేలు ముంచి నాలుక మీద రాసుకున్నాడు.

"మతీన్ భాయ్! ఉమ్రా!" అని నలుగురు ఒక్కసారే అరిచారు.

"ఉమ్రాకేం గాలేదు," అన్నాడు మతీన్. "ఇది బీరు గాదు, సిర్కా. అదే, వెనిగర్. నిఖార్సైన సిర్కా. షరాబు దానంతట అదే సిర్కా అయితె మాకు హలాలేనని మౌల్వీ సాబ్ చెప్పిండు." కింద ఉల్లిగడ్డ ముక్కల పళ్లెం ఉంటే తీసుకుని, వాటి మీద గ్లాసు వంచుకుని, ఒక ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలాడు. "నాలుగు రూములల్ల జడ్జి నోట్ల పెట్టుకోనొచ్చింది గిదొక్కటే. కాబట్టి పస్టు గిదే!"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత గదంతా పడి పడి నవ్వింది. అప్పటిదాకా మెచ్చుకున్నవాళ్లే "నాకప్పుడే అనుమానమొచ్చింది" అన్నారు. కన్ను మూసుకుపోయినవాడు రెండు కళ్లూ తెరిచి నవ్వాడు. "సిర్కా గౌడ్!" అన్నాడు లక్ష్మణ్. ఆ పేరు అక్కడికక్కడే ఖాయమైంది.

రాజేశం కూడా నవ్వాడు. నిజం చెప్పాలంటే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "సౌదీ ఎండ ఎక్కువైంది తియ్, మనూర్లె అయితె చూపిత్తుంటి," అన్నాడు. ఆ ఎండ మీద తోసేస్తే సరిపోయింది. సిర్కా అయితేనేం, గౌడ్ మిగిలింది కదా. పది రోజులు ఎగతాళి చేస్తారు, తర్వాత మర్చిపోతారు. తాను ఇక్కడితో గట్టెక్కినట్టే.

నర్సింలు ఒక్కడే నవ్వడం లేదు. క్యాను పక్కన కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు.

"కంబలి కింద పన్నప్పుడు సునీత యాదికొచ్చిందన్నా," అన్నాడు మెల్లగా, ఒక్క రాజేశానికే. "మిస్రీ కంబలి గుంజితె అయిపాయె గద. జైలు, బస్సు, ఇంటికి. గాపిల్లకు ఏం చెప్దును? అయినా ఇడిసిపెట్టబుద్ధి గాలే. మా గౌడన్న పేరు పోవద్దనుకున్న." అని సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "పుల్లగైతె అయింది. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఆ మాటకు రాజేశం నవ్వు మొహం మీదే ఎండిపోయింది. వీడు తన అబద్ధాన్ని కడుపుకు అదుముకుని, కంబళి కింద వణుకుతూ పడుకున్నాడు. పెళ్లాన్ని తలుచుకుంటూ పడుకున్నాడు. ఇంత సిగ్గు ఆయన బతుకులో ఎప్పుడూ పడలేదు. కిందికి చూస్తే కళ్లు తిరిగినట్టయింది, స్కఫోల్డింగ్ మీద ఎన్నడూ తిరగని కళ్లు.

"మిస్రీ రాలే," అన్నాడు.

"పోయిండని చెప్పినవు గద."

"పోవుడు గాదు నర్సింలు. అసల్కు రానే లేదు. నేనే ఉత్తగ ఒర్రిన. నాది ఖరాబైందని నాకు నిన్ననే ఎరుక."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇంతదాకా వచ్చాక ఆగడం రాజేశానికీ చేతకాలేదు. "తాళ్లు సుత ఎక్కలే. ఎన్నడు ఎక్కలే. ఆ మోకు తెగిన ముచ్చట నాది గాదు, మా ఊర్లె ఇంకోనిది."

పోశెట్టి నెమ్మదిగా లేచాడు. "తాళ్లెక్కకుంటె ఎక్కకపాయె, నీ ఇష్టం. మా బీరేం పాపం జేసిందిరా?" అన్నాడు. రా అనే మాట గౌడ్ సాబ్‌ను ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆ తర్వాత అందరూ ఒకేసారి అరిచారు. తాళ్ల సంగతి ఎవడికీ పట్టలేదు. కాలవలో పోయిన ఆ తెల్లటి నురుగు గురించే తిట్లన్నీ. పోశెట్టి గది వాళ్లలో ఒకడు బాత్రూములోకి పోయి, ఆ కాలవ కంతలోకి చాలాసేపు చూసి వచ్చాడు. మతీన్ తలుపు మూసి, ఇంక గట్టిగా అరిస్తే మిస్రీ నిజంగానే వస్తాడని అందరినీ ఊరుకోబెట్టాడు. లక్ష్మణ్ తీర్పు చెప్పాడు. మూడో గదికి శిక్ష లేదు. బాత్రూములన్నీ మళ్లీ దసరా దాకా ఒక్క రాజేశమే కడగాలి. ఆ తీర్పుకు ఎదురు చెప్పినవాడు లేడు, రాజేశంతో సహా.

నర్సింలు తిట్టలేదు. క్యాను ఎత్తుకుపోయి, సిర్కా మొత్తం తానే పారబోసి, ఖాళీ క్యాను గోడ పక్కన పెట్టి, మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

వారం తిరిగి మళ్లీ శుక్రవారం వచ్చింది. రాజేశం లుంగీ ఎగ్గట్టి, బాత్రూములో బ్రష్షుతో నేల రుద్దుతున్నాడు. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. కొందరు సిర్కా అని నవ్వుతున్నారు. ఆయనా నవ్వుతున్నాడు. పోశెట్టి గది వాళ్లయితే చెప్పులతో కావాలనే బురద తొక్కి వస్తున్నారు. అదీ తుడుస్తున్నాడు. నర్సింలు మాత్రం ఈ వారమంతా ఒక్క మాట మాట్లాడలేదు.

వెనక బకెట్ చప్పుడయింది.

"రాజేశం."

ఆయన వంగి రుద్దుతూనే ఉన్నాడు. క్యాంపులో ఆ పేరుతో ఆయన్ను పిలిచేవాళ్లు లేరు, ఎవరినో పిలుస్తున్నారనుకున్నాడు.

"రాజేశం, జెర జరుగు. నీళ్లు పట్టుకోవాలె."

ఆయన తిరిగి చూశాడు. నర్సింలు ఖాళీ బకెట్ పట్టుకుని నిలబడ్డాడు. కోపంగా లేడు. మొహంలో ఏమీ లేదు. క్యూలో ముందున్న ఎవడో కొత్త మనిషిని అడిగినట్టు అడిగాడు.

రాజేశం జరిగాడు.